పక్షవాతం తర్వాత బరువు పడిపోతోంది, ఏ టానిక్ మంచిది?

కోరింగ_కోడలు
మా మామయ్యగారికి 68 ఏళ్ళు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయి రెండున్నర నెలలు. ఆస్పత్రిలో చేరినప్పుడు 64 కిలోలు, మొన్న చూస్తే 56. షుగరుకీ బీపీకీ మాత్రలు వాడుతున్నారు. ముక్కులో గొట్టం తీసేసి నెల దాటింది, అప్పట్నుంచీ నోటితోనే. "వాతం చేస్తాయి" అని ఇంట్లో పెద్దవాళ్ళు కందిపప్పు, పెరుగు, గుడ్డు, వంకాయ, దుంపలు అన్నీ మాన్పించారు. ఇప్పుడు పెట్టేది ఇదీ: పొద్దున 3 ఇడ్లీలు, 11 గంటలకి గ్లాసు రాగిజావ, మధ్యాహ్నం కప్పు చారన్నం, కొద్దిగా కూర, సాయంత్రం టీ, 2 బిస్కట్లు, రాత్రి 2 ఇడ్లీలు. అందులోనూ కంచంలో ఓ పక్కది అలాగే వదిలేస్తారు. ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చుంటారు. ఏదైనా టానిక్ మొదలెట్టమంటున్నారు అందరూ. ఏది మంచిది?

చుక్కకూర
పక్షవాతం పేరులో వాతం ఉన్నందుకు పాపం వంకాయకి శిక్ష పడింది.

లెక్కల_పథ్యం
టానిక్ తర్వాత. ముందు మీ జాబితాకి లెక్క వేశాను. 5 ఇడ్లీలకి 300 కేలరీలు, 10 గ్రాముల ప్రొటీన్. గ్లాసు జావలో రాగిపిండి 20 గ్రాములు అనుకుంటే 64 కేలరీలు, ప్రొటీన్ ఒకటిన్నర గ్రాము. కప్పు అన్నానికి 60 గ్రాముల బియ్యం, అంటే 214 కేలరీలు, 5 గ్రాములు. చారు, కొద్దిపాటి కూర లెక్కలోకి రావు. టీ, బిస్కట్లు కలిపి 90, రెండున్నర గ్రాములు. మొత్తం 670 కేలరీలు, ప్రొటీన్ 19 గ్రాములు. అదీ అంతా తింటే. వదిలేసింది తీసేస్తే 550 ఉంటే గొప్ప.

ఆయనకి కావలసింది కిలోకి 30 కేలరీల చొప్పున 1680. ప్రొటీన్ కిలోకి 1.2 గ్రాముల చొప్పున 67 గ్రాములు. మూడో వంతు పెట్టి ఒంటికి పట్టడం లేదంటే ఎలా? పెట్టందే పట్టదు.

64 నుంచి 56 అంటే పన్నెండున్నర శాతం. మూడు నుంచి ఆరు నెలల్లో, కావాలని తగ్గకుండానే 10 శాతం దాటితే ఏ కొలమానం ప్రకారం చూసినా ముప్పు పెద్దదే.

కొవ్వు_కరగాలి
షుగర్, బీపీ ఉన్నవాళ్ళు బరువు తగ్గితే మంచిదని డాక్టర్లే చెప్తారుగా. 56 కిలోలంటే మరీ తక్కువేం కాదు. ఇందులో కంగారేముంది?

నడక_నర్సయ్య
పోయింది కొవ్వు అనుకుంటున్నవా అన్నా? మంచం మీద ఉన్న మనిషికి ముందుగాల పోయేది కండ. పడిపోయిన దిక్కు కండ ఎట్లాగూ కరుగుతది, తిండి తక్కువైతే మంచిగున్న కాలు కండ గూడ పోతది. ఆ మంచి కాలు మీదనే కదా మనం మనిషిని లేపి నిలబెట్టేది. తొడ కండ పోయినంక కుర్చీల నుంచి లేవనీకి బలం యాడికెళ్ళొస్తది?

సన్నబడాలన్నది తర్వాతి ముచ్చట. మనిషి తన కాళ్ళ మీద నడవాలె, తిన్నది సరిగ్గ మింగాలె. అప్పుడు 90 కిలోలు ఉన్నోళ్ళకు మెల్లగ తగ్గించుడు. మొదటి మూడు నెలల్ల ఊకెనే తగ్గుడు ఎవ్వరికీ మంచిది కాదు, లావుగున్నోళ్ళకు గూడ.

మింగుడు_మాస్టారు
@కోరింగ_కోడలు, కంచంలో వదిలేసేది ఏ పక్కది? ఎడమ పక్కదా?

కోరింగ_కోడలు
అవునండీ! కూర ఎప్పుడూ ఎడమవైపు వేస్తాను, అదే మిగిలిపోతుంది. ఇష్టం లేదేమో అనుకున్నాం. మీకెలా తెలిసింది?

మింగుడు_మాస్టారు
ఎడమవైపు పడిపోయిందంటే దెబ్బ కుడి మెదడుకి. అలాంటివాళ్ళలో చాలామందికి ఎడమవైపున్న ప్రపంచం గమనికలోకి రాదు. కళ్ళు బాగానే ఉంటాయి, మనసు అటు పోదు. ఆయన లెక్కలో ఆ సగం కంచం లేదు. అందుకే కడుపు నిండిందంటారు.

ఇవాళ్టి నుంచి భోజనం మధ్యలో కంచాన్ని సగం చుట్టు తిప్పండి. కంచం ఎడమ అంచుకి ఎర్ర టేపు అంటించి, "ఎర్రగీత దాకా చూడండి" అని చెప్పండి. మీరు ఆయన ఎడమవైపు కూర్చుని మాట్లాడితే తల అటు తిరగడం అలవాటవుతుంది. ఎడమవైపు అసలే గమనించని మొదటి వారాల్లో మాత్రం కూర మధ్యలోనో కుడివైపో పెట్టండి, ముందు కడుపు నిండాలి. తెల్ల కంచంలో తెల్ల అన్నం, తెల్ల ఇడ్లీ పెట్టకండి. స్టీలు కంచమూ మెరుస్తుంది. ముదురు రంగు మెలమైను ప్లేటు అయితే ఆనుతుంది.

రెండోది, బుగ్గన ముద్ద. ఎడమ బుగ్గకి స్పర్శ తెలియదు, నాలుక అటు తిరగదు. మెతుకులు చిగురుకీ బుగ్గకీ మధ్య ఇరుక్కుంటాయి. పడుకున్నాక అవే జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రతి భోజనం తర్వాత టార్చి వేసి చూడండి. వేలు పెట్టకండి, తెలియకుండానే కొరికేస్తారు. మెత్తటి బ్రష్షుతోనో స్పూను కాడకి తడి గాజుగుడ్డ చుట్టో తియ్యండి. ముద్ద కుడి బుగ్గ వైపు పెట్టండి, చిన్న స్పూను, అంటే 5 మి.లీ. మించకుండా.

అసలు ప్రశ్న: గొట్టం తీసేముందు మింగుడు పరీక్ష ఎవరైనా చేశారా?

కోరింగ_కోడలు
స్పూనుతో నీళ్ళు పోశారు, దగ్గు రాలేదు, బాగానే ఉందన్నారు.

మింగుడు_మాస్టారు
దగ్గు రాకపోవడం పరీక్ష నెగ్గినట్టు కాదు. గొంతులో స్పర్శ తగ్గినవాళ్ళకి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు. తాగిన వెంటనే "ఆ…" అని పలికించండి. గొంతు తడిగా గురగురమంటే అనుమానించాలి. సాయంకాలం పూట కొద్దిగా జ్వరం, తిన్నాక ఆయాసం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, ఇవన్నీ దాని గుర్తులే. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. పేరు చూసి మాట కోసమే అనుకుంటారు కానీ మింగుడూ వాళ్ళ పనే. ఎక్స్‌రే వీడియోలో మింగించి చూసే పరీక్ష, ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి చూసే పరీక్ష, రెండూ ఉన్నాయి. అప్పటిదాకా నీళ్ళలాంటి పల్చటివి గ్లాసుతోనూ స్ట్రాతోనూ వద్దు. గడ్డం కిందికి దించి మింగమని ఇంటర్నెట్టులో చెప్తారు, అది అందరికీ పనికిరాదు. చూసినవాళ్ళు చెప్తేనే చెయ్యాలి.

వాతహరి
మీరంతా ఇంగ్లీషు వైద్యం వాళ్ళు, పెద్దల మాటని వెక్కిరిస్తున్నారు. పత్యం ఊరికే పెట్టలేదు.

లెక్కల_పథ్యం
వెక్కిరింత కాదండి. మీ శాస్త్రంలోనే చూడండి, వాతం దేనితో పెరుగుతుంది? ఉపవాసంతో, ఎండు తిండితో, చలవతో. పక్షాఘాతానికి చెప్పింది స్నేహనం, అంటే నూనె, నెయ్యి. తర్వాత బృంహణం, అంటే ఒంటికి పుష్టి. మినుములు వేసిన కషాయాలే ఉన్నాయి ఆ జబ్బుకి. చారన్నం, ఇడ్లీ పెట్టి రెండున్నర నెలలు ఎండగట్టమని ఏ గ్రంథంలో ఉంది?

వాతహరి
అది నిజమే. లంఘనం, అంటే పస్తు, వాతాన్ని పెంచుతుంది. ఈమధ్య పత్యమంటే అన్నీ మానెయ్యడమే అనుకుంటున్నారు. శనగపిండి, అలసందలు గ్యాస్ పడుతుంటే తగ్గించండి చాలు. మినప్పిండితో జావ కాచి పోయండి.

చుక్కకూర
ఈ ఫోరంలో ఇద్దరు ఏకాభిప్రాయానికి రావడం ఇదే మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

మా వీధిలో పావురం రక్తం రాస్తే చెయ్యి లేస్తుందంటున్నారు, పావురం కూర కూడా పెట్టమంటున్నారు. దానికీ శాస్త్రం ఉందా?

సిరంజి_సిస్టర్
లేదు. పావురాల రెట్టల దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బులొస్తాయి, అది మాత్రం ఉంది. పావురాన్ని ఎగరనిచ్చి కోడిగుడ్డు ఉడకబెట్టండి.

లెక్కల_పథ్యం
ఇప్పుడు 1680 ఎలా వస్తుందో చెప్తా. అంకెలు చాలావరకు తార్నాక జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లోవి, కొద్దిగా గుండ్రం చేశాను. ఇవన్నీ పచ్చి తూకాలు.

బియ్యం 100 గ్రాములు: 356 కేలరీలు, ప్రొటీన్ 8. కందిపప్పు 50 గ్రాములు: 165, 11. గుడ్లు రెండు: 150, 12. గేదె పాలు అర లీటరు: 535, 18. పెరుగు 200 గ్రాములు: 120, 6. వెన్న తీసిన పాలపొడి 20 గ్రాములు: 70, 7. వేరుశెనగ 20 గ్రాములు: 104, 5. నూనె 20 గ్రాములు: 180. కూడితే 1680, ప్రొటీన్ 67.

ఇదంతా మూడు పూటలా కుక్కితే తినలేరు. ఆరు సార్లు పెట్టండి, ఒక్కోసారి చిన్న కప్పు. ఎంత పెట్టారన్నది కాదు, కప్పులో ఎంత బలం ఉందన్నదే చూడాలి. అదే కప్పు రాగిజావ నీళ్ళతో కాస్తే 64 కేలరీలు. 200 మి.లీ. పాలతో కాచి, పాలపొడి 10 గ్రాములు, నూనె స్పూను కలిపితే 350 దాకా వస్తుంది. మింగాల్సిన గుటకలు అవే.

షుగర్ ఉంది కాబట్టి బెల్లం, తేనె వద్దు, బలం పాలతో నూనెతో తెచ్చుకోండి. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) చూపించండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే ప్రొటీన్ లెక్క మారుతుంది.

కొవ్వు_కరగాలి
అర లీటరు గేదె పాలు, రోజూ రెండు గుడ్లు. మళ్ళీ రక్తనాళం పూడుకుపోవడానికి మీరే దారి వేస్తున్నారు.

లెక్కల_పథ్యం
పాల సంగతిలో మీ మాట ఒప్పుకుంటా. ఆవు పాలో టోన్డ్ పాలో వాడండి. ఆవు పాలు అర లీటరుకి 365 కేలరీలు, 16 గ్రాములు. తగ్గిన 170ని ఇంకో 20 గ్రాముల వేరుశెనగ నూనెతో పూడ్చండి, నెయ్యితో కాదు. గుడ్ల మాటకొస్తే, కొలెస్ట్రాల్ మాత్ర కూడా వేసుకుంటూ ఉంటే, నెలకోసారి పరీక్షలో చూసుకుని పచ్చసొన ఒకటి తగ్గించండి. ఎండిపోతున్న మనిషికి ఇప్పుడు పెద్ద ప్రమాదం పచ్చసొన కాదు.

కోరింగ_కోడలు
ఇడ్లీ మెత్తగానే ఉంటుందిగా, పప్పు లేకుండా కాచిన సాంబారులో నానబెట్టి పెడుతున్నా. అది కూడా తప్పేనా?

మింగుడు_మాస్టారు
ఇడ్లీ చేతికి మెత్తన, నోటికి పొడి. నమిలితే స్పంజు ముక్కల్లా విడిపోతుంది. సాంబారులో వేస్తే నోట్లో రెండు రకాలు ఒకేసారి ఉంటాయి: నీళ్ళు ఒకటి, ముక్కలు ఒకటి. ముక్క నమిలేలోపు నీళ్ళు గొంతులోకి జారిపోతాయి. మింగుడు సరిగ్గా లేనివాళ్ళకి అన్నిటికన్నా కష్టమైంది ఈ కలగలుపే. చారన్నం కూడా అదే రకం.

ఇడ్లీని చిక్కటి ముద్దపప్పులోనో వేడి పాలలోనో 5 నిమిషాలు నాననిచ్చి గరిటె వెనకతో మెదపండి. గిన్నె వంచితే అడుగున నీళ్ళు ఊరకూడదు. ముద్దలో గడ్డ 4 మిల్లీమీటర్లు దాటకూడదు, మామూలు ఫోర్కు పళ్ళ సందు అంతే ఉంటుంది. ఫోర్కుతో నొక్కితే సందుల్లోంచి పైకి రావాలి. అన్నం 1కి 5 నీళ్ళు పోసి వండి, పప్పుతో పెరుగుతో కలిపి మెదిపితే ఈ లెక్కకి వస్తుంది. తిరగమోతలో ఎండుమిర్చి, కరివేపాకు ఏరెయ్యండి. కరివేపాకు అంగిలికి అతుక్కుంటే వాళ్ళు తీసుకోలేరు. మునక్కాడ వద్దే వద్దు. వేరుశెనగ ముద్ద విడిగా నాకించకండి, బంకలా గొంతులో అంటుకుంటుంది. జావలోనో పప్పులోనో పల్చగా కలిసిపోవాలి.

జావ సంగతి వేరే. పల్చనో చిక్కనో కంటితో చూసి చెప్పలేం, కొలవాలి. 10 మి.లీ. సిరంజి తీసుకుని వెనక కడ్డీ లాగెయ్యండి. సిరంజి మీద సున్నా నుంచి 10 దాకా గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, స్కేలుతో చూసుకోండి, కంపెనీకో రకం ఉంటాయి. కింద రంధ్రం వేలితో మూసి 10 గీత దాకా జావ పోసి, వేలు తీసి, 10 సెకన్లకి మళ్ళీ మూసెయ్యండి. మిగిలింది 1 మి.లీ. లోపైతే అది నీళ్ళ లెక్క, సున్నా. 1 నుంచి 4 మిగిలితే ఒకటో స్థాయి. 4 నుంచి 8 రెండు. 8 దాటితే మూడు. అసలు కారకపోతే నాలుగు, దాన్ని స్పూనుతోనే పెట్టాలి. ప్రపంచమంతా వాడే కొలతే ఇది. మీకు ఏ స్థాయి కావాలో పరీక్ష చేసినవాళ్ళు చెప్తారు.

ఎక్కడ తప్పుతుందంటే, పొయ్యి మీంచి దించిన వేడి జావని కొలుస్తారు. చల్లారాక అది ఇంకా చిక్కబడుతుంది. తాగే వేడి దగ్గరే కొలవాలి.

సిరంజి_సిస్టర్
ఇంకొకటి కలుపుతా. చిక్కగా ఉన్న జావ గిన్నెలోనే పల్చబడిపోతుంది, చూశారా? నోట్లో పెట్టిన స్పూను మళ్ళీ గిన్నెలో ముంచితే ఉమ్మి కలుస్తుంది. ఉమ్మిలోని రసం పిండిని విరగ్గొడుతుంది. పావుగంటలో అడుగు జావ నీళ్ళవుతుంది, ఆఖరి నాలుగు స్పూన్ల దగ్గరే పొలమారుతుంది. కొద్దికొద్దిగా వేరే గిన్నెలోకి పోసుకుని పెట్టండి.

చుక్కకూర
మొక్కజొన్న పిండి కలిపితే సరిపోదా? మందుల షాపులో అమ్మే చిక్కటి పొడి డబ్బా ఖరీదు చూస్తే నాకే పొలమారింది.

మింగుడు_మాస్టారు
మొక్కజొన్న పిండీ పిండే, ఉమ్మికి విరిగిపోతుంది. ఉడకబెడితేనే చిక్కబడుతుంది, కొలత నిలవదు. డబ్బా కొనేటప్పుడు వెనక పదార్థాల్లో శాంతాన్ గమ్ అని ఉందేమో చూడండి, దానికి ఉమ్మితో పని లేదు. ఖర్చు తగ్గాలంటే మంచినీళ్ళకీ మందులకీ మాత్రం అది వాడండి, మిగతా ద్రవాలు సహజంగా చిక్కగా ఉండేవి ఎంచుకోండి: పెరుగు చిలికింది, బొప్పాయి గుజ్జు, మినప జావ. మజ్జిగ మాత్రం సున్నా స్థాయే. మజ్జిగ చలవ కదా అని పోస్తారు, ఎక్కువగా పొలమారేది దానికే.

చిక్కటి నీళ్ళు ఎవరికీ నచ్చవు, తాగడం తగ్గించేస్తారు. మొత్తం ద్రవం కిలోకి 30 మి.లీ. లెక్కన ఈయనకి లీటరూ ముప్పావు దగ్గర. గుండె, కిడ్నీ డాక్టర్లు తగ్గించమంటే వేరు. మూత్రం చిక్కటి పసుపుగా వస్తుంటే అందడం లేదని. నీళ్ళు చాలక మలబద్ధకం, మలబద్ధకంతో ఆకలి చావడం. అదో గొలుసు.

మాత్రల_బాబాయ్
అందరూ తిండి మీదే ఉన్నారు, మాత్రల చీటీ ఎవరూ అడగలేదు. @కోరింగ_కోడలు, షుగర్ మాత్రల్లో గ్లిమిపిరైడ్ ఉందా?

కోరింగ_కోడలు
ఉందండి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిపిన మాత్ర, రెండు పూటలా. 64 కిలోలున్నప్పుడు రాసినదే.

మాత్రల_బాబాయ్
రేపే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. గ్లిమిపిరైడ్ తిండి వచ్చినా రాకపోయినా షుగర్ దించుతుంది. 550 కేలరీలు తినే మనిషికి పాత మోతాదు చాలా ఎక్కువ కావచ్చు. షుగర్ 70 కింద పడితే చెమటలు, మగత, మాట తడబాటు. ఇంట్లోవాళ్ళు మళ్ళీ పక్షవాతం వచ్చిందనుకుంటారు. అలా ఉంటే ముందు వేలికి గుచ్చి షుగర్ చూడండి.

మెట్‌ఫార్మిన్ వికారం పెడుతుంది, ఆకలి చంపుతుంది, కొందరికి నోరు ఇనుము రుచి అంటారు. చాలా ఏళ్ళుగా వాడుతుంటే బి12 చూపించాలి. బరువు తగ్గినప్పుడు బీపీ మాత్రా ఎక్కువవుతుంది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒకసారి బీపీ కొలవండి. పై అంకె 20 పడిపోతుంటే చెప్పాలి. కుర్చీలోంచి లేపగానే కళ్ళు తిరుగుతాయంటే బలహీనత అని సరిపెట్టుకోకండి.

నెమ్మదిగా కరిగే మాత్రలు, పైన పూత ఉన్న మాత్రలు నూరకూడదు. మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్, పూత ఉన్న ఆస్పిరిన్, పాంటొప్రజోల్ అలాంటివే. మింగలేకపోతే వాటి బదులు రూపం మార్చి రాయించుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎసిట్రోమ్ వాడేవాళ్ళకి ఆకుకూర మాన్పించేస్తారు, అదీ తప్పే. గోంగూర, పాలకూర, మునగాకు వారంలో ఎన్నిసార్లు ఎంత తింటారో అది మారకుండా చూసుకుంటే చాలు, మోతాదు దాని ప్రకారమే సర్దుతారు.

చుక్కకూర
మరి ఉప్పు? ఉప్పులేని చప్పిడి కూడు చూస్తే నాకూ కడుపు నిండిపోతుంది.

లెక్కల_పథ్యం
రోజుకి 5 గ్రాముల లోపు, చిన్న స్పూను నిండా. సున్నా చెయ్యమని కాదు. ఊరగాయ, అప్పడం, వడియాలు, సాస్ మానేస్తే వంటలో ఉప్పు వెయ్యడానికి చోటు మిగులుతుంది. నోరు సహించడం లేదంటే నిమ్మరసం, మామిడికాయ పప్పు, జీలకర్ర, వెల్లుల్లి ఉన్నాయి. తక్కువ సోడియం ఉప్పు కొంటున్నారు చాలామంది. అందులో ఉండేది పొటాషియం. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళకీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. అడక్కుండా వాడొద్దు.

టానిక్ మాటకొస్తే, పక్షవాతం వచ్చినవాళ్ళు 4,023 మంది మీద చేసిన పరిశీలన ఒకటి 2005లో లాన్సెట్‌లో వచ్చింది. అందరికీ గంపగుత్తగా పోషక పానీయం ఇస్తే తేడా ఏమీ కనపడలేదు. అందులో ఎక్కువమంది బాగా తిని ఉన్నవాళ్ళే. ఎండిపోయిన మీ మామయ్యగారి లాంటివాళ్ళకి వేరే లెక్క. పై జాబితా రెండు వారాలు పెట్టినా కేలరీలు అందకపోతే అప్పుడు డబ్బా పొడి కలపండి. మల్టీవిటమిన్ సీసా మాత్రం తిండి కాదు, అందులో కేలరీలు లేవు.

డల్లాస్_డబ్బా
అమ్మ తెనాలిలో. కుడివైపు పోయి ఐదు నెలలు, చూసుకోవడానికి ఒకామె ఉంది. వీడియో కాల్లో అడిగితే "తిన్నాను నాన్నా" అంటుంది. బరువు మిషను మీద నిలబడలేదు. ఇక్కణ్ణుంచి ఎలా తెలుసుకోవాలి?

నడక_నర్సయ్య
బియ్యం దుకాణంల మూటలు తూచే కాటా ఉంటది, సదరంగ. చక్రాల కుర్చీతోటి దాని మీదికెక్కియ్యిరి. తర్వాత ఉత్త కుర్చీ తూచి తీసెయ్యిరి. వారానికొకపారి, అదే కాటా, పొద్దుగాల దొడ్డికి పోయొచ్చినంక, తినకముందు. బ్రేకులు వేసుడు మర్వకుండ్రి.

గది కాకుంటే దర్జీ టేపు. మోచెయ్యికి భుజానికి నడుమ మంచి చెయ్యికి కొలవాలె, 23.5 సెంటీమీటర్ల కన్న తక్కువుంటే సన్నబడ్డట్టు. పిక్క దగ్గర లావుగున్న చోట, మంచి కాలుకే. ఆసియా వాళ్ళకు 2019ల పెట్టిన హద్దు మగోళ్ళకు 34 సెంటీమీటర్లు, ఆడోళ్ళకు 33, అంతకన్న తక్కువైతే కండ తగ్గిందని అనుమానం. పడిపోయిన కాలు కొలిస్తే వాపుతోటి మోసపోతరు. ఒక్క అంకె కన్నా నెలనెలా ఎట్ల మారుతుందో గదే ముఖ్యం.

లెక్కల_పథ్యం
చూసుకునే ఆమెతో కంచం ఫోటో తినకముందు ఒకటి, తిన్నాక ఒకటి తీయించండి. మూడు రోజులు చాలు. ఎంత పెట్టారో కాదు, ఎంత మిగిలిందో చూడండి. ఒక ఫోటోలో ఆదివారం ఉండాలి, ఆ రోజు తిండి వేరేగా ఉంటుంది. కట్టుడు పళ్ళుంటే వదులయ్యాయేమో చూడమనండి. బరువు తగ్గితే చిగుళ్ళు తగ్గి పళ్ళు ఆడతాయి, నొప్పికి మెత్తటివి కూడా మానేస్తారు. నాలుక మీద తెల్లపూత ఉంటే అది ఫంగస్ కావచ్చు, మందుంది.

సిరంజి_సిస్టర్
దిగులు సంగతి కూడా. పక్షవాతం వచ్చిన ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. తిండి మీద మనసు లేదు, రాత్రి మూడింటికే మెలకువ, మనవల్ని చూసినా ముఖం వికసించదు. మాట పోయినవాళ్ళు చెప్పలేరు కూడా. మందులున్నాయి, కొన్ని ఆకలి పెంచేవీ ఉన్నాయి. నడుము కింద పుండు పడిందేమో ఒకసారి తిప్పి చూడమనండి, పుండు ఉంటే ప్రొటీన్ కిలోకి ఒకటిన్నర గ్రాము దాకా కావాలి.

గొట్టం_గోపి
మా ఇంట్లో ఇంకా ముక్కు గొట్టమే, ఆరో వారం. రెండు గంటలకోసారి 200 మి.లీ. గంజి వడకట్టి పోస్తున్నాం. అయినా ఎముకల గూడైపోతున్నారు.

సిరంజి_సిస్టర్
వడకట్టిన గంజి 200 మి.లీ.లో 60, 70 కేలరీలు కూడా ఉండవు. చిక్కగా చేస్తే గొట్టంలో దిగదు, పల్చగా చేస్తే బలం లేదు. దీనికి పల్లెల్లో పాత ఉపాయం ఉంది, మొలకల పిండి. రాగులు ఒక రాత్రి నానబెట్టి, మూటకట్టి, మొలకెత్తాక ఎండబెట్టి దోరగా వేయించి పిండి పట్టండి. ఎక్కువ వేయిస్తే గుణం పోతుంది. మామూలు పిండితో, పాలతో చిక్కటి జావ కాచి దించాక, వేలు పెట్టలేనంత వేడి ఉండగా, 65 డిగ్రీల దగ్గర, చిన్న స్పూను మొలకల పిండి కలిపి 10 నిమిషాలు మూత పెట్టండి. గరిటె నిలబడే జావ పాలలా జారుతుంది. మళ్ళీ ఒక పొంగు రానిచ్చి, నూనె, పాలపొడి కలిపి, టీ జల్లెడలో వడకట్టండి. అదే 200 మి.లీ.లో 200 కేలరీలు ఎక్కించొచ్చు.

ఉమ్మి చేసే పనే మొలకల పిండీ చేస్తుంది. అందుకే ఇది గొట్టానికి వరం, నోటితో తినేవాళ్ళకి ప్రమాదం. రెండూ కలిపెయ్యకండి.

తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, పోశాక గంటసేపు దించకండి. ముక్కు దగ్గర గొట్టం మీద పెట్టిన గుర్తు జరిగిందేమో ప్రతిసారీ చూడాలి. జరిగితే పోయొద్దు, ఆస్పత్రికే. పోసే ముందు, తర్వాత 30 మి.లీ. నీళ్ళు. మందులు ఒక్కొక్కటి విడిగా, మధ్యలో నీళ్ళు. చాలావరకు గొట్టం మూసుకుపోయేది మందుల పొడి, పాలు కలిసి గడ్డకట్టడం వల్లే. ఫిట్స్ మందు ఫెనిటాయిన్ ఉంటే ఫీడుకి దూరం పెట్టాలి, ఎంతసేపో డాక్టరుని అడగండి. కలిపి పోస్తే మందు సరిగ్గా ఎక్కదు, ఫిట్స్ వస్తాయి. కాచింది రెండు గంటలు దాటితే పారబొయ్యండి, మన ఎండలకి ఆగదు.

నోటితో తినకపోయినా రోజుకి రెండుసార్లు పళ్ళు తోమాలి. నోట్లో పెరిగిన క్రిములు ఉమ్మితో ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాలుగు వారాలు దాటాక కూడా మింగలేకపోతే పొట్టకి గొట్టం వేసే మాట డాక్టరుతో మాట్లాడండి.

ఒక హెచ్చరిక. చాలా రోజులు దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా పూర్తి కేలరీలు ఎక్కిస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె మీదికి వస్తుంది. గోపి గారూ, @కోరింగ_కోడలు గారూ, ఇద్దరూ రక్తపరీక్ష చేయించి, సగంతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచండి. బి1 విటమిన్ ముందే ఇవ్వమని అడగండి.

నడక_నర్సయ్య
తిండి పెంచినంత మాత్రాన కండ రాదు, పని చెప్పాలె. కుర్చీలకెళ్ళి లేచి కూసునుడు, ఎవరన్న పట్టుకోని, 5 సార్లు, రోజుకు మూడు పూటలు. తిన్న వెంటనే చెయ్యిపియ్యొద్దు, గంట ఆగుండ్రి. అట్లనే వ్యాయామం చేసి అలసిపోయినోళ్ళకు వెంటనే ముద్ద పెట్టొద్దు, అలిసిన గొంతు సరిగ్గ మింగది. అరగంట పండనియ్యిరి.

కోరింగ_కోడలు
మూడు వారాలైంది, చెప్పాలనిపించింది. స్పీచ్ థెరపిస్టు చూసి రెండో స్థాయి చిక్కదనం, మెదిపిన తిండి అన్నారు. గ్లిమిపిరైడ్ ఆపేశారు. పరీక్షలు చూసి, సగంతో మొదలెట్టి ఇప్పుడు 1500 దగ్గరున్నాం. కంచం తిప్పుతున్నాం. మొదటిరోజు తిప్పగానే "కూర ఎప్పుడు వేశావమ్మా" అన్నారు. పెరుగు పెద్దత్తయ్యకి తెలియకుండా పెడుతున్నా. కాటా మీద మొదటి వారం 55.8, తర్వాత 56.1, నిన్న 56.4.

నడక_నర్సయ్య
కాలు వాపు ఉందా? పిక్క ఎంత?

కోరింగ_కోడలు
వాపు లేదు. కుడి పిక్క 31న్నర. పోయినసారీ అంతే.

నడక_నర్సయ్య
తగ్గలేదు గద, మంచిదే. లేచి కూసునుడు 5 నుంచి 8 చెయ్యిరి. వచ్చే ఐతారం మళ్ళ కొలిచి ఈడనే రాయిరి.

చుక్కకూర
పెద్దత్తయ్యకి వాతహరి గారి పోస్టు చదివి వినిపించండి. పెరుగు దొంగచాటుగా పెట్టే బాధ తప్పుతుంది.